నల్ల చిక్కుడు గింజ

తలుపుకు తాళం వేసి తాళంచెవి స్వెటర్ జేబులో వేసుకున్నాను. ఇంకో చేతిలో నల్ల చిక్కుడు గింజ ఒకటి ఉంది. దాన్ని దీపం కిందకు జరిపి, అందరికీ కనబడేలా పట్టుకున్నాను.

“ఇది ఎవరు వేశారు?”

బల్ల చుట్టూ నలుగురు కూర్చుని ఉన్నారు. పైన వీధిలో ఒక ట్రాక్టరు వెళ్ళిన చప్పుడుకు నేలమాళిగ కిటికీ అద్దం గడగడలాడి ఆగింది.

ముందు గవ్రిలో నోరు విప్పాడు. ఉక్కు కర్మాగారంలో క్రేను నడిపి రిటైరైన మనిషి. ఈ నేలమాళిగ అతనిదే, ఈ ఆటల క్లబ్బూ అతను పెట్టిందే.

“చెల్లెమ్మా, ఆ ప్రశ్న ఈ బల్ల దగ్గర అడగకూడదు. నీకు తెలియని సంగతి కాదు.”

“తెలుసన్నా. ఎవరు వేశారు?”

“నేను ఆటలో చేరి గంట కూడా కాలేదు,” అంది తియానా. ఫార్మసీ చదువుతున్న పిల్ల, నాలుక పదును. “ఎలా ఉంటుందో చూసిపోదామని వచ్చా. నచ్చకపోతే పోవచ్చన్నారు గానీ, కొత్తవాళ్ళని లోపల పెట్టి తాళం వేస్తారని చెప్పలేదే.”

“నువ్వు వేశావా?”

“నేనా? ఆటలో రక్తం తాగడానికి వచ్చాను పిన్నీ. లెక్కలంటే భయపడటానికి కాదు.”

ఆమె పక్కన నెవెనా తలవంచుకుని కూర్చుంది. ఆమె పక్కన ఆమె భర్త వూకాన్. అతను మెల్లగా లేచి నా దగ్గరికి వచ్చాడు.

“పిన్నీ, అలసిపోయావు. తాళంచెవి నాకివ్వు. కాసేపు గాలి పీల్చుకుందాం. కావాలంటే ఇంటి దగ్గర దింపేస్తా.”

ఇంకెవరు అడిగినా కసిరేదాన్ని. వూకాన్ అడిగేసరికి చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్ళింది. మళ్ళీ ఆపుకున్నాను.

“కూర్చో నాన్నా. నువ్వు కూడా కూర్చో.”

అసలు ఆ సాయంత్రం మేం కూడింది కొత్త ఆట గురించి మాట్లాడుకోవడానికి. ఇది బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆట. ఒకరు కథ నడుపుతారు, మిగిలినవాళ్ళు తలా ఒక పాత్రగా మాట్లాడతారు. అనుమానం వచ్చిన చోట పాచికలు వేస్తారు. ఒక్కో కథ నెలల తరబడి సాగుతుంది. ఈసారి రక్తపిశాచి కథ. అది నా కూతురు సెన్కా అల్లింది. మా వంటింట్లో ఎర్ర మిరపకాయలు కాల్చి తోలు తీస్తూ, మసి చేతులతో నాకు చెప్పింది. నాకప్పుడు ఆట గురించి ఏమీ తెలియదు. ఊఁ కొడుతూ విన్నాను. ఆ కథ ఆడకముందే ఆమె చనిపోయింది.

అందుకని నేను నడుపుదామనుకున్నాను. యాభై దాటాక పాచికలు పట్టుకోవడం నేర్చుకున్నాను. నేర్పింది వూకాన్. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, నా కూతురి కథ మనుషుల నోళ్ళలో వినాలని ఉండేది. ఇంకే కోరికా లేదు.

సాయంత్రం బాగానే మొదలైంది. వూకాన్ తన వ్యానులో మిగిలిపోయిన బురెక్, నూనె కారే పొరల రొట్టె, తెచ్చాడు. బేకరీ సరుకు దుకాణాలకు చేరవేయడం అతని పని. నూనె వేళ్ళు తుడుచుకుంటూ అందరూ పాత్రలు ఎంచుకున్నారు. ఆస్ట్రియా సైన్యం మా ఒడ్డున దిగి ఉన్న రోజుల్లో డాన్యూబ్ నది పక్కన ఒక పల్లె, కథ నడిచేది అక్కడ. ఒకరి తర్వాత ఒకరు చస్తున్నారు. సమాధులు తవ్వి చూడటానికి సైన్యం నుంచి అధికారులు వస్తున్నారు.

“నేను పాస్టరుని,” అన్నాడు గవ్రిలో. “తాగుబోతు పాస్టరుని. నటించక్కర్లేదు.”

“నేను సైన్యం డాక్టరుని,” అంది తియానా. “శవాలు కోస్తా. మీ అందరికంటే నాకే జీతమెక్కువ.”

నెవెనా సిగ్గుపడుతూ, పిండిమర నడుపుకునే విధవను నేను అంది. వూకాన్ ఏం కావాలో అడగకముందే చెప్పాడు. “గోతులు తవ్వేవాణ్ణి నేనవుతా.”

“మీలో ఒకరు ముందే చచ్చిపోయి ఉంటారు,” అన్నాను సెన్కా చెప్పినట్టే. “ఆ సంగతి వాళ్ళకే తెలియదు. ఆఖర్న తెలుస్తుంది.”

తియానా చప్పట్లు కొట్టింది. “ఇది చాలు. నేను చేరుతున్నా.”

ఆ తర్వాత టోపీ తిప్పాం. మా క్లబ్బులో కొత్త కథ మొదలెట్టేముందు టోపీ తిప్పకుండా ఎప్పుడూ ఆడలేదు. కథలో రాబోయే భయంకరమైన సంగతులు ఒక్కొక్కటే నడిపేవాళ్ళు చదువుతారు. ఒక్కో సంగతికీ ఉన్ని టోపీ బల్ల కింద చేతులు మారుతుంది. ఒక్కొక్కరి దగ్గరా తెల్ల చిక్కుడు గింజలూ నల్ల చిక్కుడు గింజలూ ఉంటాయి. తెల్లది వేస్తే రానివ్వమని. నల్లది ఒక్కటి పడినా ఆ సంగతి కథలోకి రాదు. ఎవరు వేశారని అడగకూడదు. ఎందుకు వేశారని అసలే అడగకూడదు. బయట, మందు కొట్టేటప్పుడు కూడా ఆ ఊసెత్తకూడదు. ఎవరి గాయం ఎక్కడుందో తడమకుండా ఆడుకోవడానికి ఆ ఏర్పాటు. పాచికల దగ్గర తన్నుకుని మొహాలు చూసుకోవడం మానేసినవాళ్ళున్నారు గానీ, ఈ కట్టుబాటు తప్పినవాళ్ళు ఆ నేలమాళిగలో ఇంతవరకు లేరు.

సమాధులు తవ్వడం అన్నాను. అన్నీ తెల్లవే. గుండెలో ముళ్ళకర్ర దిగ్గొట్టడం. తెల్లవే. చచ్చిన తల్లి వచ్చి పసిబిడ్డ రక్తం తాగడం. టోపీ దులిపితే తెల్ల గింజలే.

“మనం మంచివాళ్ళమేం కాదు,” అన్నాడు గవ్రిలో.

చివర్లో తేలికైనదొకటి మిగిలింది. అది చదవడం కూడా అనవసరం అనుకున్నాను. గడప మీద వరిగ గింజలు చల్లితే పిశాచి వాటన్నిటినీ లెక్కపెట్టేదాకా కదలలేదని మా ముసలమ్మలు చెప్పేవాళ్ళు. సెన్కా కథ మొత్తం దాని మీదే నడుస్తుంది. పిశాచిగా మారబోతూ చచ్చిపోతున్నవాడు ఆ గింజల్ని పైకి లెక్కపెడుతూ ఉంటాడు, లెక్క ముగిసేలోపల మిగిలినవాళ్ళు ఏం చేయాలో తేల్చుకోవాలి.

టోపీ తిరిగింది. దులిపాను. నల్ల గింజ.

తియానా పక్కున నవ్వింది. “పసిబిడ్డ రక్తం ఫరవాలేదు గానీ ఎక్కాలు వద్దా? ఎవరో స్కూల్లో గట్టిగా దెబ్బలు తిన్నారు.”

నేను లేచి వెళ్ళి తలుపుకు తాళం వేశాను.

ఎందుకు వేశానో వాళ్ళకు చెప్పక తప్పలేదు.

“సెన్కాను కారు గుద్దింది. ఆ సంగతి మీ అందరికీ తెలుసు,” అన్నాను. “ఇక్కణ్ణుంచే బయల్దేరింది. ఆటయ్యాక, నది రోడ్డు మీద, మంచులో నడుచుకుంటూ. గుద్దినవాడు ఆగకుండా పోయాడని పేపర్లో వేశారు. ఆగాడు. దిగాడు. ఆమె కోటు జిప్పు గొంతుదాకా లాగి ఉంది. సంచీ తల కింద పెట్టి ఉంది. అంత సేపు పక్కన కూర్చున్నవాడు అంబులెన్సుకు ఫోన్ చేయలేదు. వెంటనే పోలేదండీ, తీసుకొచ్చుంటే బతికేది అని డాక్టరు నా మొహం మీదే చెప్పింది.”

చేతిలోని గింజను బల్ల మీద పెట్టాను.

“నా కూతురికి నొప్పొస్తే పైకి లెక్కపెట్టేది. ఇరవై నుంచి కిందికి. చిన్నప్పట్నుంచీ అంతే. ఇంజెక్షనైనా, పన్ను పీకినా. లెక్క అయ్యేసరికి నొప్పి పోతుందని నేనే చెప్పా. ఇంత పెద్దదై ఇంకా ఇదేంటని నలుగురూ నవ్వుతారని ఎవరి ముందూ చేసేది కాదు. నేను కూడా ఎవరికీ చెప్పలేదు. పోలీసులకు కూడా. చచ్చిపోయేవాళ్ళు లెక్కపెట్టడం ఎవడికి భయం? అది విన్నవాడికి.”

గవ్రిలో గొంతు సవరించుకున్నాడు. “ఒక్క గింజ పట్టుకుని అంత దూరం పోతావా?”

“నాకు ఇంకేముందన్నా పట్టుకోవడానికి?”

నిజంగానే ఇంకేం లేదు. ప్రతి నెలా పోలీస్ స్టేషనుకు వెళ్ళేదాన్ని. అక్కడ డ్యూటీలో ఉండే పెద్దాయన చెడ్డవాడేం కాదు, కుర్చీ వేసేవాడు, కాఫీ ఇచ్చేవాడు. “ఒక్క పేరు తీసుకురండమ్మా,” అనేవాడు. “పేరుంటే ఫైలు తీస్తా. పేరు లేకుండా మంచునా నేను అరెస్టు చేసేది?” ఇంటికి నడిచొచ్చి మంచం మీద పడుకునేదాన్ని. పొయ్యి ఆరిపోయినా లేవబుద్ధయ్యేది కాదు. శనివారం ఉదయం వూకాన్ వచ్చి కట్టెలు కొట్టి పొయ్యి వెలిగించేదాకా అలాగే ఉండేదాన్ని. సెన్కాతో కలిసి చదువుకున్నవాడు. ఎవరూ పిలవకుండానే రావడం మొదలెట్టాడు. పొగగొట్టం మార్చాడు. చనిపోయినవాళ్ళను తలచుకునే శనివారాల్లో సమాధి దగ్గరికి ఉడికించిన గోధుమలు మోసుకొచ్చేవాడు. కిందటి వసంతంలో వ్రషాత్స్ ఊరి నుంచి నెవెనాను పెళ్ళి చేసుకుని తెచ్చినప్పుడు ఆశీర్వాదం కోసం మొదట నా దగ్గరికే తెచ్చాడు.

సెన్కా పోయిన రాత్రి ఈ బల్ల దగ్గర ఉన్నవాళ్ళలో ఇప్పుడు ఇద్దరే ఉన్నారు, గవ్రిలో, వూకాన్. నేను గవ్రిలో వైపు చూశాను. వూకాన్ వైపు చూడాలని నాకు తోచనైనా లేదు.

గవ్రిలోకు అర్థమైంది. అతని మొహం పాలిపోయింది.

“నన్నా?”

“ఆ చలికాలం తర్వాత నువ్వు కారు నడపడం మానేశావు.”

“కళ్ళలో శుక్లాలు చెల్లెమ్మా. పోయి డాక్టర్ని అడుగు. ఆ పిల్లకు పాచికలు చేతికిచ్చింది నేను. మొదటిసారి తొడమీద కూర్చోబెట్టుకుని ఆడించింది నేను.” అతను బల్ల మీది ఉన్ని టోపీ తీసుకుని తలకు గట్టిగా లాక్కున్నాడు. “తాళం తియ్యకు. నేనెక్కడికీ పోను. చెయ్యాలనుకున్నది చెయ్యి.”

“గవ్రిలో మామయ్యని వదిలెయ్ పిన్నీ,” అన్నాడు వూకాన్. “ఎవరో తెలిసినా ఏం లాభం? సెన్కా రాదుగా.”

ఆ మాట ఎన్నో శనివారాలు అన్నాడు. ఎన్నో శనివారాలు అది విని కాస్త నిద్రపోయాను. ఆ సాయంత్రం అది నన్ను పట్టలేదు.

కథ మొదటి దృశ్యం కోసమని వరిగ గింజల పొట్లం తెచ్చి పెట్టుకున్నాను. దాన్ని చింపి బల్ల మీద గుమ్మరించాను. గింజలు బురెక్ కాగితాల మీదా పాచికల మీదా చెదిరిపోయాయి.

“అందరం కలిసి లెక్కపెడదాం. ఇరవై నుంచి కిందికి. నేను మొదలెడతా, వరసలో ఒక్కొక్కరు ఒక్కో అంకె. తర్వాత నా వైపు నుంచి కాకుండా ఇంకొకరి నుంచి. ఇంకొకరి నుంచి. నాకు సరిపోయిందనిపించాక తాళం తీస్తా. మళ్ళీ మీ మొహాలు నాకు చూపించక్కర్లేదు.”

“లెక్కపెడితే ఏం తెలుస్తుంది?” అంది తియానా.

నేను చెప్పలేదు. వాళ్ళకు నేను చెప్పనిది ఇంకొకటి ఉంది. సెన్కా లెక్కలో ఏడు ఉండదు. నాలుగేళ్ళప్పుడు మోకాలు చీరుకుపోతే కుట్లు వేయించాం. లెక్కపెడుతూ ఏడు అనేసరికి సూది దిగింది. అప్పట్నుంచి ఏడులో సూది ఉందని ఆ అంకెను దాటేసేది. పెద్దదైనా దాటేసేది. ఎనిమిది తర్వాత ఆరు. మామూలు మనిషి ఎవడూ అలా లెక్కపెట్టడు. ఆ రోడ్డు పక్కన కూర్చుని విన్నవాడికి మాత్రం ఆ తప్పు చెవిలో ఉండిపోయి ఉంటుంది. ఏడు వచ్చినప్పుడు వాడు తడబడకపోతాడా, కళ్ళెత్తి చూడకపోతాడా అని నా ఆశ. అది ఆశ కూడా కాదు. మునిగిపోయేవాడు ఏది దొరికితే అది పట్టుకున్నట్టు పట్టుకున్నాను.

“ఇరవై,” అన్నాను.

“పంతొమ్మిది,” అన్నాడు గవ్రిలో.

“పద్ధెనిమిది,” అంది తియానా విసుగ్గా.

“పదిహేడు.” నెవెనా గొంతు వినీ వినపడకుండా ఉంది.

“పదహారు,” అన్నాడు వూకాన్.

“పదిహేను.”

“పద్నాలుగు.”

“పదమూడు. మా అమ్మకు తెలిస్తే నన్ను చంపుతుంది.”

“పన్నెండు.”

“పదకొండు.”

“పది,” అన్నాను. నా కళ్ళు గవ్రిలో మీదే ఉన్నాయి. అతను నన్నే చూస్తూ, ఒక్కొక్క అక్షరం నొక్కి పలికాడు.

“తొమ్మిది.”

“ఎనిమిది,” అంది తియానా.

“ఆరు,” అంది నెవెనా.

వూకాన్ చటుక్కున ఆమె వైపు తిరిగాడు.

“ఏడు,” అంది తియానా, మోచేత్తో పొడిచి. “ఏడు ఎక్కడ పెట్టావు? మింగేశావా?”

“ఏడా?” నెవెనా తడబడి చుట్టూ చూసింది. “అవును కదా. ఏడు. నాకు అలా అలవాటైపోయింది.”

బల్ల అంచు పట్టుకున్నాను. నెవెనా. పిండివంటలు నేర్పమని నా వంటింట్లో తిరిగే పిల్ల. కానీ సెన్కా పోయిన చలికాలం ఈ పిల్ల వ్రషాత్స్‌లో ఉంది. ఈ ఊరు చూడలేదు. కారు నడపడం ఇప్పటికీ రాదు. ఆ రోడ్డు మీద ఉండే వీలే లేదు.

“ఎలా అలవాటైంది తల్లీ?” అన్నాను.

“నెవా, లే,” అన్నాడు వూకాన్. “ఇంటికి పోదాం.”

“తాళం వేసుంది కదా,” అంది తియానా. ఆమె గొంతులో ఎగతాళి లేదిప్పుడు.

“నల్ల గింజ నేనే వేశా పిన్నీ,” అంది నెవెనా. “నీ మీద కోపంతో కాదు. నిజంగా. నాకు లెక్క వినాలంటే భయం. ఇంట్లో వింటున్నది చాలదా, ఇక్కడ కూడానా అనిపించి వేశా. ఎవరూ అడగరన్నారని వేశా.”

“నెవెనా.” వూకాన్ గొంతు పెంచలేదు. ఆ పేరు ఒక్కటే అన్నాడు.

ఆమె భర్త వైపు చూసింది. అప్పటిదాకా ఆమెకు ఏమీ తెలియదు. నేను చెప్పిన కోటు జిప్పు, సంచీ, ఇరవై నుంచి కిందికి, ఇవన్నీ ఆమె చెవిలో పడ్డాయి గానీ ఎక్కడా అతుక్కోలేదు. అతను ఆ పేరు పిలిచిన తీరుతో అతుక్కున్నాయి. నేను చూస్తూ ఉండగానే ఆ పిల్ల మొహంలో వయసు మారిపోయింది.

“పెళ్ళైన కొత్తలో నవ్వుకునేదాన్ని,” అంది మెల్లగా, ఎవరితోనూ కానట్టు. “ఈయన నిద్రలో గొర్రెల్ని లెక్కపెట్టుకుంటున్నట్టున్నాడు అని. ఇరవై, పంతొమ్మిది అని మొదలవుతుంది. ఎనిమిది తర్వాత ఆరు వస్తుంది. ఎప్పుడూ అంతే. మూడు దగ్గర లెక్క ఆగిపోతుంది. ఆ తర్వాత మంచం మీద లేచి కూర్చోవడం, తెల్లారేదాకా.”

మూడు.

రెండేళ్ళు నేను తెలుసుకోవాలని ఏడ్చినవాటిలో అది లేదు. అడగాలని కూడా తోచలేదు. నా కూతురు మూడు దాకా వచ్చింది. ఇంకో రెండు అంకెలుంటే నొప్పి పోయేదని నమ్ముతూ వచ్చింది.

గవ్రిలో వూకాన్ వైపు తిరిగాడు. “వ్యాను ముందు భాగం,” అన్నాడు. “అడవిపంది అడ్డొచ్చిందన్నావు. మా పాత స్నేహితుడి దగ్గర బంపరు నేనే వెతికిచ్చాను. బేరమాడి మరీ ఇచ్చాను.” అతను ఉన్ని టోపీ మొహం మీదికి లాక్కున్నాడు.

వూకాన్ చేతులు రెండూ బల్ల మీద పెట్టాడు. పారిపోయే మనిషి చేతుల్లా లేవు. బరువు దించుకున్న కూలీ చేతుల్లా ఉన్నాయి.

“తాగి ఉన్నాను,” అన్నాడు. “పోలీసులొస్తే లైసెన్సు పోతుంది, పని పోతుంది అనుకున్నా. ఫోన్ చేతిలోనే ఉంది పిన్నీ. తను నన్ను గుర్తుపట్టింది. వూకో, కొంచెం ఆగు, లెక్కపెడతా, అయ్యేసరికి తగ్గిపోతుంది అంది. సరే, తగ్గుతుందేమో, తగ్గితే ఇద్దరం ఇంటికి పోవచ్చు అనుకున్నా. ఆగాను.”

“ఆగావా?”

“లెక్క అయ్యేదాకా చూద్దామని ఆగాను.”

ఎవరైనా అరుస్తారనుకున్నాను. నేనే అరుస్తాననుకున్నాను. కట్టెలు కొడుతూ చొక్కా తడిసిన ఆ వీపు గుర్తొచ్చింది. నేను జ్వరంతో పడుకుంటే చెంచాతో సూప్ పట్టిన చెయ్యి గుర్తొచ్చింది. సెన్కా పుట్టినరోజున నేను ఒంటరిగా కేకు కోయలేనని తెలిసి, అడగకుండానే వచ్చి రెండో కుర్చీలో కూర్చున్నాడు. ఆ జ్ఞాపకాలన్నీ ఉన్నపళంగా నా చేతుల్లోనే కుళ్ళిపోయాయి. వాటి కింద నాకింకేమీ మిగిల్లేదు. కూతురు ముందే పోయింది. ఇప్పుడు కొడుకు కూడా.

“ఈ కథ నన్నెందుకు నడపనిచ్చావు?” అన్నాను. “పాచికలెందుకు నేర్పావు?”

“నువ్వు మంచం దిగట్లేదు పిన్నీ. ఏదో ఒకటి చేతికివ్వకపోతే చచ్చిపోతావనిపించింది.”

“గోతులు తవ్వేవాణ్ణి నేనవుతానన్నావు.”

అతను తల దించుకున్నాడు.

నెవెనా ఏడవడం లేదు. వేలికున్న ఉంగరాన్ని తిప్పుతూ ఉంది, బిగుసుకుపోయిన మూతను తిప్పుతున్నట్టు. “నేను పక్కనే పడుకున్నాను,” అంది. “దుప్పటి కప్పేదాన్ని. వీపు నిమిరేదాన్ని, పడుకో పడుకో అని.”

తియానా లేచి ఆమె భుజాల చుట్టూ చెయ్యి వేసింది. ఇంకో చేత్తో తన ఫోన్ తీసి నా ముందుకు జరిపింది.

“పిన్నీ. మీరు చేస్తారా, నేను చెయ్యనా?”

నేను జేబులోంచి తాళంచెవి తీసి వూకాన్ ముందు పెట్టాను. ఎందుకలా చేశానో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. వెళ్ళిపోతాడేమో, వెళ్ళిపోతే ఆ మాట నేను అనే పని తప్పుతుందేమో అనిపించింది. నా చేత్తో నేను పోలీసులకు ఇవ్వకుండా, తనంతట తను మంచులో కలిసిపోతే, రేపు శనివారం కాకపోయినా ఏదో ఒక శనివారం వస్తాడని ఎదురుచూడొచ్చు.

అతను తాళంచెవి ముట్టుకోలేదు. బల్ల మీద చెల్లాచెదురుగా పడ్డ వరిగ గింజల్ని వేలితో ఒక్కొక్కటే తన వైపు లాక్కుంటున్నాడు. ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి. తలెత్తి చూడలేదు.

నంబరు నాకు నోటికొచ్చు. నొక్కాను. అవతల కుర్చీ కిర్రుమన్న చప్పుడు, కాఫీ కప్పు పెట్టిన చప్పుడు. డ్యూటీలో ఆ పెద్దాయనే ఉన్నాడు.

“నేను జాగోర్కాని,” అన్నాను.

“గొంతు గుర్తుపట్టానమ్మా. ఈ నెల ఇంకా రాలేదేంటా అనుకుంటున్నా. ఒంట్లో బాగానే ఉందా?”

“ఫైలు తియ్యండి.”

“అమ్మా, నేను ఎప్పుడూ చెప్పేదే కదా. పేరు కావాలి.”

బల్లకు అవతల వూకాన్ వేలు గింజ మీద ఆగింది. గవ్రిలో టోపీ కింద నుంచి ముక్కు ఎగబీల్చాడు. రెండేళ్ళుగా ఆ ఒక్క మాట చెప్పడానికే బతికాను. అది దొరికిన రోజు ప్రపంచం మీద అరిచి చెప్పాలనుకునేదాన్ని. ఇప్పుడది నోట్లో ఉంది, దాన్ని బయటికి తోయడానికి నాకు బలం చాలడం లేదు. ఎందుకంటే ఇంట్లో నేను పిలవడానికి మిగిలిన పేరు అదొక్కటే.

“అమ్మా? ఉన్నారా?”

“ఉన్నాను.”

“పేరు చెప్పండి.”

“వూకాన్,” అన్నాను.